వరుసలో అరవై నలుగురు

క్రితం వారం మనం నసమ్మను కంప్యూటరు ముందే వదిలిపెట్టి వచ్చాం.

నది పొంగిన ఆ మధ్యాహ్నం వరద హెచ్చరిక కేంద్రంలో సైరన్ పదమూడు నిమిషాలు ఆలస్యంగా మోగింది. ఒడ్డునున్న ఇటుకబట్టీలో ముగ్గురిని నీళ్లు లాక్కుపోయాయి. ఇద్దరు చెట్టు కొమ్మలు పట్టుకుని బతికారు. మూడో మనిషి, బట్టీ మేస్త్రి, ఇరవై రోజులైనా దొరకలేదు. ఆ పూట డ్యూటీలో ఉన్న ఆపరేటరు నసమ్మకు సొంత బాబాయి. కుర్చీలో కునుకు తీశాడని ఆయన్ని సస్పెండ్ చేశారు. "తెర మీద నీటిమట్టం అంకె రాలేదండీ" అని ఆయన మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. నమ్మిన ఒక్క మనిషీ నసమ్మే. ఆ కేంద్రానికి ప్రోగ్రాములు రాసేదీ ఆమే. తప్పు దొరికేదాకా నస పెట్టి అందరి ప్రాణాలూ తోడేస్తుందని ఆఫీసులో ఆ పేరు పెట్టారు. ఈసారీ అలాగే తోడింది. తోడగా తోడగా తప్పు బయటపడింది. దాని పక్కన, మార్పు చేసినవారి పేరు ఉండే చోట, తన పేరే కనిపించింది.

ఇక ఈ సోమవారం సంగతి.

విచారణ పదకొండింటికి. ఎనిమిదింటికల్లా నసమ్మ బాబాయి ఇంటికి చేరుకుంది. తలుపు తీసే ఉంది. ముందు గదిలో బల్ల మీద దుప్పటి పరిచి బాబాయి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పిన్ని గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"నువ్వైనా చెప్పవే. అదే చొక్కా, మూడోసారి. ఇంక అందులో ఇస్త్రీ చెయ్యడానికి ఏం మిగిలిందని?" అంది పిన్ని.

"కాలరు నిలబడట్లేదు" అన్నాడు బాబాయి తలెత్తకుండా.

నసమ్మ సంచి కింద పెట్టింది. "బాబాయ్, దొరికింది."

"ఏంటమ్మడూ?"

"నువ్వు నిద్రపోలేదని రుజువు."

"నేను నిద్రపోలేదని నాకు తెలుసుగా" అన్నాడాయన. పిన్ని ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది. ఆ ఇంట్లో నవ్వు వినపడి మూడు వారాలైంది.

నసమ్మ నవ్వలేదు. రాత్రంతా ఈ మాట ఎలా చెప్పాలా అని ఆలోచించింది. ఎలా చెప్పినా ఒకటే అని తెల్లవారేసరికి తేలింది.

"తప్పు ప్రోగ్రాములో ఉంది బాబాయ్. అది పెట్టింది నేనే."

ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. పిన్ని గబుక్కున వచ్చి దాన్ని ఎత్తి పక్కన పెట్టింది. భుజం దగ్గర లేత గోధుమరంగు మచ్చ పడింది.

"నిరుడు చేసిన మార్పు. తెర ఇంకా తొందరగా రావాలని చేశాను. సరిగ్గా పరీక్షించలేదు."

బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. "నీకో మాట చెప్పనా?" అన్నాడు. "అందరూ అంటుంటే, అంటుంటే... పది రోజుల్నించీ నాకే అనుమానం పట్టుకుంది. నిజంగానే కన్ను మూతపడిందేమో, నాకే గుర్తులేదేమో అని. మీ పిన్నికి కూడా చెప్పలేదు. ఆ మేస్త్రి మొహం నేనెప్పుడూ చూడలేదు, అయినా రోజూ కళ్ల ముందుకొస్తాడు."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నసమ్మకు.

"ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు.

"కమిటీ ముందు చెప్తాను."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ."

"చెప్పొద్దంటే వింటుందా అది?" అంది పిన్ని. "పలకా బలపం పట్టిన రోజు నుంచీ ఇంతే. అక్షరం వంకర పోయిందని పలక మొత్తం చెరిపేసేది." తర్వాత నసమ్మ చెయ్యి పట్టుకుని, "ఏమన్నా తిని వెళ్లు. ఖాళీ కడుపుతో నిజం చెప్తే గొంతు వణుకుతుంది" అంది.

తింది. బాబాయి మచ్చ పడ్డ చొక్కానే వేసుకుని, పైన కోటు తొడుక్కున్నాడు.

*

విచారణ మూడో అంతస్తులోని సమావేశ మందిరంలో. లిఫ్టు తలుపు దగ్గర చీఫ్ ఇంజనీరు ఎదురుచూస్తున్నాడు. వరద హెచ్చరిక విభాగానికి ఆయనే అధిపతి. బాబాయిని ముందుకు నడవనిచ్చి, నసమ్మను కిటికీ పక్కకు పిలిచాడు. ఆమె వెంట చక్రాల బల్ల మీద వచ్చిన కంప్యూటరును పైనుంచి కిందకి చూశాడు.

"ఇదెందుకమ్మా?"

"చూపించడానికి సార్. మన ప్రోగ్రామే, మన ఫైళ్లే. కాపీ చేసి తెచ్చాను."

"చూడమ్మా, నువ్వు తెలివైనదానివి. కమిటీకి ఒక సమాధానం కావాలి, అది దొరికింది. మీ బాబాయికి ఇంకో ఏడాదేగా సర్వీసు. మందలించి వదిలేసేలా నేను మాట్లాడతాను. పరువుగా ఇంటికెళ్తాడు. నువ్వు నోరు విప్పావనుకో, నీ సంగతి అలా ఉంచు, ఈ వ్యవస్థ మీద నమ్మకం పోతుంది. రేపు సైరన్ మోగితే జనం కదలరు."

ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అందుకే నసమ్మ ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పింది.

"మోగకపోతే ఎలాగూ కదలరు కదా సార్."

బల్లను తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. దాని ముందు చక్రం ఒకటి కిర్రుమంటూ పక్కకు లాగుతోంది. తలుపు దగ్గర బాబాయి ఒక చెయ్యి వేశాడు.

మందిరంలో పొడవాటి బల్ల వెనక కమిటీ అధ్యక్షురాలు కూర్చుని ఉంది. రిటైరైన జడ్జి. చెవిలో వినికిడి యంత్రం, ముందు మూడు రంగుల పెన్నులు. ఎదుటి వరసలో ముప్పై ఏళ్ల మనిషి ఒకామె ఒళ్లో సంచి పెట్టుకుని నిటారుగా కూర్చుంది. బట్టీ మేస్త్రి కూతురు. ఆమె పక్క కుర్చీలు రెండూ ఖాళీ. అక్కడ కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ముందు బాబాయిని పిలిచారు.

"కరెంటు పోయి వచ్చిందండి" అన్నాడాయన. "ప్రోగ్రాము ఆగిపోయి మళ్లీ మొదలైంది. మూడూ యాభై ఏడు. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది."

"మీరేం చేశారు?" అంది జడ్జి.

"చూస్తూ కూర్చున్నానండి. తెర మీద అంకె రానిదే సైరన్ ముట్టుకోకూడదని రూలు. మా కేంద్రం ఊరి మధ్యలో ఉంది. కిటికీలోంచి చూస్తే నది కాదు, గోదాము గోడ కనిపిస్తుంది."

చీఫ్ ఇంజనీరు లేచి ఒక కాగితం చదివాడు. నీళ్లు ప్రమాదపు మట్టం దాటాయన్న అంకె కంప్యూటరుకు చేరింది మూడూ యాభై ఎనిమిదికి. సైరన్ మోగింది నాలుగూ పదకొండుకి. "మధ్యలో పదమూడు నిమిషాలు. అంకె యంత్రంలో ఉంది. మనిషి చూడలేదు. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదండి."

"ఉందండి" అంటూ నసమ్మ లేచింది. ముందు తను ఎవరో, బాబాయికి ఏమవుతుందో చెప్పేసింది. తర్వాత ఎవరో ఆ మాట లేవదీసే పని లేకుండా. "అంకె కంప్యూటరుకి చేరిన టైము సార్ చెప్పారు. తెర మీదకి ఎప్పుడు చేరిందో ఎవరూ చూడలేదు. ఎందుకంటే దాన్ని ఎక్కడా రాసుకోం. నేను చూపిస్తాను."

కంప్యూటరు తెరను అందరికీ కనపడేలా తిప్పింది. ఆ రోజు కరెంటు వచ్చాక జరిగినట్టే ప్రోగ్రామును మొదలుపెట్టింది. తెర మధ్యలో చిన్న నీలి చక్రం తిరగసాగింది.

ఒక నిమిషం గడిచింది. ఎవరో కుర్చీలో కదిలారు.

"ఎంతసేపు?" అంది జడ్జి.

"దాదాపు పదమూడు నిమిషాలండి."

"దీనికోసం అందరం కూర్చోవాలా?" అన్నాడు చీఫ్ ఇంజనీరు. "ఎన్ని నిమిషాలో చెప్తే సరిపోతుందిగా."

జడ్జి ఎర్ర పెన్ను మూత పెట్టింది. "ఆయన కూర్చున్నాడుగా. మనమూ కూర్చుందాం. అమ్మాయ్, ఇది తిరుగుతున్నంతసేపూ లోపల ఏం జరుగుతోందో నాకు అర్థమయ్యేలా చెప్పు. నాకు కంప్యూటరు తెలీదు. తెలిసినట్టు తలూపే అలవాటు కూడా లేదు."

నసమ్మ తెర పక్కకు జరిగి నిలబడింది.

"నది పొడవునా ఉన్న ఒక్కో కొలత కేంద్రానికి, ఒక్కో నెలకి కొలతలు దాచుకునే ఒక డేటాబేస్ ఫైలు ఉంటుందండి. అన్నీ కలిపి నలభై వేలు దాటాయి. ప్రోగ్రాము మొదలవగానే వాటన్నిటినీ తెరవాలి. ఒక్కో ఫైలు తెరిచే ముందు, దీన్ని ఇప్పటికే తెరిచానా లేదా అని చూసుకుంటుంది. అది చూసుకోవాల్సిందే, లేకపోతే రాతలు పాడవుతాయి. చూసుకోవడానికి తెరిచిన ఫైళ్ల జాబితా ఒకటి పెట్టుకుంటుంది. ఆ జాబితాని ప్రతిసారీ మొదటినుంచి చదువుకుంటూ వెళ్తుంది. పది ఫైళ్లు తెరిచి ఉంటే పది. నలభై వేలు తెరిచి ఉంటే నలభై వేలు."

"ఏదో ఒక క్రమంలో పెట్టుకుంటే చటుక్కున దొరుకుతుందిగా?"

"దొరుకుతుందండి. కానీ ఆ భాగం రాసినవాళ్లు ఒకే ప్రోగ్రాము ఇన్ని వేల ఫైళ్లు ఒకేసారి తెరుస్తుందని అనుకోలేదు. పది, వంద అనుకున్నారు. వాళ్ల తప్పు కాదు. బయటినుంచి తెచ్చుకుని అలా వాడింది మేము."

జడ్జి ఏదో రాసుకుంది. చక్రం తిరుగుతోంది. నాలుగు నిమిషాలు.

"ఇది సగమేనండి. మిగతా సగం పనివాళ్లది. ఒకే ప్రోగ్రాములో ఒకేసారి పనిచేసేవాటిని థ్రెడ్లంటారు. పనివాళ్లనుకోండి. ఫైళ్లు తెరవడానికి అలాంటి పనివాళ్లు అరవై నలుగురున్నారు. జాబితా మాత్రం ఒక్కటే. ఒకరు చదువుతున్నప్పుడు ఇంకొకరు చెయ్యి పెట్టకుండా దానికి ఒక తాళం ఉంటుంది. తాళం ఒకరి చేతిలో ఉంటే మిగతా అరవై ముగ్గురూ ఆగాలి. ఊరికే ఆగరు. నా వంతు వచ్చిందా, నా వంతు వచ్చిందా అని మాటిమాటికీ లేచి చూస్తారు. వాళ్లని లేపడం, మళ్లీ కూర్చోబెట్టడం, దీనికే యంత్రం ఆయాసపడిపోతుంది. అసలు పని వెనకబడుతుంది."

"అంటే క్యూ."

అన్నది జడ్జి కాదు. మేస్త్రి కూతురు. పొద్దున్నుంచీ ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"అవునండి. క్యూ."

"నీళ్లొస్తున్నాయన్న సంగతి లోపలికొచ్చి, ఆ క్యూ వెనకాల నిలబడిపోయింది. అంతేనా?"

"అంతేనండి."

"ఆ అరవై నలుగురినీ ఎవరు పెట్టారు?"

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నసమ్మకు తెలుసు. చీఫ్ ఇంజనీరు గొంతు సవరించుకోబోయాడు. బాబాయి కోటు గుండీ పట్టుకుని నేల వంక చూస్తున్నాడు. నసమ్మ వాళ్లిద్దరి వంకా చూడలేదు. అడిగిన మనిషి వంకే చూసింది.

"నేనండి."

జడ్జి ఎర్ర పెన్ను మూత తీసింది.

"అంతకుముందు నలుగురే ఉండేవాళ్లు. ఎక్కువమంది ఉంటే పని తొందరగా అవుతుందని నేనే పెంచాను. మూడు వందల ఫైళ్లతో పరీక్షించాను. బాగా పరిగెత్తింది. నలభై వేలతో పరీక్షించలేదు. ఒకసారి మొదలయ్యాక ప్రోగ్రాము ఏడాదిపాటు ఆగలేదు. అందుకని ఇది ఎవరికీ తెలీలేదు. ఆగి మళ్లీ మొదలైంది ఆ రోజే."

"ఎందుకు పరీక్షించలేదు?"

నసమ్మ దగ్గర మంచి జవాబులు రెండు మూడు ఉన్నాయి. టైము లేదని, పైనుంచి తొందర పెట్టారని. రెండూ కొంత నిజమే. "అవసరం అనుకోలేదండి" అంది.

మేస్త్రి కూతురు చాలాసేపు ఆమెను చూసింది. తర్వాత తెర వంక తిరిగింది. "ఇంకా ఎంతసేపుంది?"

"ఆరు నిమిషాలు."

"చూస్తాను" అంది.

ఆ ఆరు నిమిషాలూ అందరూ చక్రాన్నే చూస్తూ కూర్చున్నారు. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, కంప్యూటరు లోపలి పంకా రొద. ఒకరిద్దరు గడియారం చూసుకుని, చూసుకున్నందుకు సిగ్గుపడ్డట్టు చేతులు కిందకి దించారు. చీఫ్ ఇంజనీరు నుదురు రుమాలుతో ఒత్తుకున్నాడు. పన్నెండు నిమిషాల యాభై ఒక్క సెకన్లకు చక్రం మాయమై తెర మీద అంకె ప్రత్యక్షమైంది. ఎర్రగా, పెద్దగా.

బాబాయి ముందుకు వంగాడు. "ఇదే" అన్నాడు. "ఇదేనండి. అది వచ్చిన వెంటనే మీట నొక్కాను. వెంటనే."

"ఇప్పుడు అందర్నీ తీసేసి ఒక్క పనివాడినే పెడతాను" అంది నసమ్మ. ఈసారి రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. గదిలో గుసగుసలు లేచాయి. అరవై నలుగురు చేసినదానికంటే ఒక్కడు అయిదింతలు తొందరగా చేశాడు.

"తాళం కోసం కొట్టుకునేవాళ్లు లేరు కాబట్టి. కానీ జాబితా ఇంకా పొడుగే. మూడోది చూడండి. పనిని ఎనిమిది వేరువేరు ప్రోగ్రాములుగా విడగొట్టాను. దేని ఫైళ్లు దానివి, అయిదేసి వేలు. దేని జాబితా దానిది, దేని తాళం దానిది. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఆగదు."

మీట నొక్కింది. చక్రం ఇంకా సరిగ్గా తిరగకముందే అంకె వచ్చేసింది. తొమ్మిది సెకన్లు.

ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. మేస్త్రి కూతురు సంచి పిడిని రెండు చేతులతో పట్టుకుని ఆ అంకె వంకే చూస్తోంది. తొమ్మిది సెకన్లు అయ్యుంటే తండ్రి గట్టు ఎక్కేవాడు. ఆ లెక్క గదిలో అందరి మొహాల్లోనూ కనిపిస్తోంది. నసమ్మ మొహంలో అందరికంటే ఎక్కువ.

జడ్జి పెన్నులు మూడూ వరసగా సర్దింది. "ఆపరేటరు నిద్రపోయాడన్న ఆరోపణ ఇక్కడితో కొట్టేస్తున్నాను. ఆయన రేపే డ్యూటీలో చేరవచ్చు. అమ్మాయ్, నీ సంగతి విడిగా తేలుస్తాను. తేలికగా ఉండదు."

"ఉండకూడదండి" అంది నసమ్మ.

బాబాయి కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. కోటు తొలగి చొక్కా భుజం మీది మచ్చ అందరికీ కనిపిస్తున్నా పట్టించుకోలేదు.

"ఒక్క విషయం మిగిలింది" అంటూ జడ్జి తన ముందున్న దస్త్రంలోంచి ఒక కాగితం బయటికి లాగింది. "చీఫ్ ఇంజనీరు గారూ, ఈ ఉత్తర్వు మీదేగా? ప్రమాదం జరిగిన నాలుగో రోజున రాశారు. మీ కింద ఉన్న అన్ని కేంద్రాల్లోనూ నెలకొకసారి ప్రోగ్రాము ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి అని. ఆపరేటరు నిద్రపోయాడని మీకు నిజంగా నమ్మకం ఉంటే, మందు ప్రోగ్రాముకెందుకు వేశారు?"

చీఫ్ ఇంజనీరు నిలబడ్డాడు. ఆయన పొడుగు మనిషి. ఉన్నట్టుండి అంత పొడుగు ఉన్నట్టు కనపడలేదు.

"ముందు జాగ్రత్త అండి. ఏడాదిగా ఆపకపోవడం వల్ల ఏదైనా పేరుకుపోయి ఉంటుందేమోనని..."

"అంటే అనుమానం మీకూ ఉంది."

"కొద్దిగా."

"ఆ కొద్దిగా అన్నది నాకిచ్చిన నివేదికలో ఎక్కడుంది?"

నసమ్మ ఆ జవాబు కోసం ఎదురుచూడటం లేదు. జడ్జి చదివిన మాటల్లో ఒకటి ఆమె చెవిలో ఇరుక్కుపోయింది. బాబాయి కేసు తేలేదాకా ఆఫీసు ఉత్తర్వులేవీ ఆమె కంట పడనివ్వలేదు. ఈ కాగితం సంగతి వినడం ఇదే.

"సార్" అంది. "ఆపి మళ్లీ మొదలుపెట్టమన్నారా? ఎప్పుడు?"

"నెలలో మొదటి సోమవారం."

"ఇవాళే మొదటి సోమవారం సార్. ఎన్ని గంటలకి?"

ఆయన పెదవులు తడుపుకున్నాడు. "పన్నెండుకి."

గోడ గడియారం పన్నెండూ అయిదు చూపిస్తోంది.

"ఎన్ని కేంద్రాలు?" అంది జడ్జి.

"అయిదండి" అంది నసమ్మ. ఆమె అప్పటికే ఫోను తీసి అంకెలు నొక్కుతోంది. "అయిదూ నా ప్రోగ్రామే వాడుతున్నాయి. ఇక్కడ బాగా నడుస్తోందని నిరుడు నేనే పంపాను. అన్నింటికంటే పైనున్నది ఆనకట్ట దగ్గరది. ముందు అక్కడికి చేస్తున్నాను."

ఫోను అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచింది. రెండోసారి మోగగానే అవతల ఎత్తారు.

"మేడమ్, మీరా! ఇప్పుడే మీకు చేద్దామని నంబరు వెతుకుతున్నా" అన్నాడు ఆనకట్ట ఆపరేటరు. ఉత్సాహం గల గొంతు. "ఉత్తర్వు ప్రకారం పన్నెండింటికి ఆపి మొదలుపెట్టానండీ. చక్రం తిరుగుతోంది. ఇది మామూలేనా?"

"మామూలు కాదు. అక్కడ వాన పడుతోందా?"

"పొద్దున్నుంచీ. పైన కొండల్లో ఇంకా ఎక్కువట."

"తెర వదిలెయ్యండి. మీ కేంద్రం ఒడ్డు మీదే కదా? బయటికెళ్లండి, రాతి గోడ మీద గీతలు గీసిన కొలబద్ద ఉంటుంది, దాన్ని కళ్లతో చూసి రండి. ఫోను పెట్టెయ్యకండి."

అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకున్న చప్పుడు. ఒక్కసారిగా వాన హోరు గదిని నింపేసింది. జడ్జి వినికిడి యంత్రాన్ని వేలితో సర్దుకుంది. అడుగులు ఈసారి పరుగులా వెనక్కి వచ్చాయి. మనిషి రొప్పుతున్నాడు. గొంతులో ఇందాకటి ఉత్సాహం లేదు.

"మేడమ్, కొలబద్ద కనబడట్లేదు."

"వానకా?"

"కాదండి. పై గీత కూడా మునిగిపోయింది. గోడ అంచు ఒక్కటే కనిపిస్తోంది."

"కింద రేవులో ఎవరున్నారు?"

"పడవలవాళ్లు. పిల్లలున్నారు. బట్టలుతికేవాళ్లు గట్టు కిందే..." అతని మాట తడబడింది. "మేడమ్, తెర మీద ఇంకా అంకె రాలేదు. అంకె లేకుండా మోగిస్తే నన్నూ ఇంటికి పంపుతారేమో... అక్కడ మీ బాబాయి గారి సంగతి మాకందరికీ తెలుసు."

నసమ్మ తలెత్తింది. ఆ ఆజ్ఞ ఇవ్వగల అధికారం గదిలో చీఫ్ ఇంజనీరు ఒక్కడికే ఉంది. ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒక సెకను. ఇంకో సెకను. ఇందాకే తొమ్మిది సెకన్ల విలువ ఎంతో చూసిన గది అది.

ఆమె ఫోను మీదికి వంగింది.

"మోగించండి. నేను చెప్పానని రాసుకోండి. టైముతో సహా రాసుకోండి. ఇప్పుడే మోగించండి."

అవతలినుంచి జవాబు లేదు.

"వింటున్నారా? హలో?"

వాన హోరు కూడా ఆగిపోయింది. ఫోను తెర మీద లైను తెగినట్టు చిన్న గుర్తు వెలిగి ఆరిపోయింది. ఆమె మాట అతనికి చేరిందో, సగంలో తెగిందో ఆ గదిలో ఒక్కరికీ తెలీదు.

కుర్చీ వెనక్కి జరిగింది. మేస్త్రి కూతురు లేచి బల్ల దగ్గరకు వచ్చి నసమ్మ పక్కన నిలబడింది.

"మళ్లీ చెయ్యి" అంది.